చిన్నదవ్వని బాక్సు

హారతి పనిచేసే కంపెనీకి విశాఖపట్నంలో ఒక ఆఫీసు ఉండేది. కరోనా రోజుల్లో దాన్ని మూసి, ఎవరి ఇంటి నుంచి వాళ్ళు పనిచెయ్యమన్నారు. ఆ తర్వాత మళ్ళీ తెరవలేదు. బల్లలూ కుర్చీలూ ఎవరో పట్టుకెళ్ళారని ఒకరోజు మీటింగులో చెప్పారు. అప్పటికే హారతి రాజమండ్రి వచ్చేసి, దానవాయిపేటలో మేడ మీద వాటా ఒకటి అద్దెకు తీసుకుని ఉంది. ఆ వాటాలో ఆమెతోపాటు వెంకటదుర్గ ఉండేది. ప్రైవేటు కాలేజీలో ఫిజిక్స్ చెప్పేది. ఇద్దరూ ఒకే వంట, ఒకే చాకలి, ఒకే ఇస్త్రీపెట్టె. ముప్పై ఆరో ఏట వెంకటదుర్గకి పెళ్ళి కుదిరి నరసాపురం వెళ్ళిపోయింది. మొదట్లో రోజూ ఫోన్లు చేసేది. తర్వాత ఆదివారాలు. ఆ తర్వాత పండక్కి ఒక బొమ్మ మెసేజి.

హారతి తన బల్లను వెంకటదుర్గ గదిలోకి మార్చుకుంది. కిటికీ పెద్దది, వెలుతురు బాగుంటుంది. కానీ ఆ గదిలో మాట్లాడితే గొంతు గోడలకు తగిలి తిరిగొచ్చేది. వారం తిరక్కుండానే బల్లను మళ్ళీ ముందు గదిలోకి ఈడ్చుకుంది.

వెబ్‌సైట్ల రూపం తయారుచెయ్యడం ఆమె పని. పేజీలో ఏది ఎక్కడుండాలి, కంప్యూటరులో ఎలా కనిపించాలి, అదే ఫోనులో చూస్తే ఎలా సర్దుకోవాలి, ఇవన్నీ ఆమే చూడాలి. రోజంతా తెర అంచు పట్టుకుని లోపలికి నెడుతూ, బయటికి లాగుతూ, గీతలు ఎక్కడ చెదురుతున్నాయో చూస్తూ కూర్చునేది. మీటింగుల్లో ఎవరూ కెమెరా పెట్టరు. నల్లటి చతురస్రాల్లో పేర్లే ఉంటాయి. కొన్ని రోజుల్లో ఆమె నోటి నుంచి వచ్చిన మాటలన్నీ కలిపితే "వినిపిస్తోందండీ?", "సరే, చేస్తాను", అంతే.

ఆ సంవత్సరం వానాకాలంలో కాకినాడ వైపు ఒక మత్స్యకారుల సంఘానికి పేజీ చేసే పని వచ్చింది. సముద్రంలోకి వెళ్ళిన బోట్లలో పరికరాలు బిగించారు. అవి పంపే కబుర్లను ఒడ్డునున్న ఇంటివాళ్ళు ఫోనులో చూసుకోవాలి. పేజీలో నాలుగు బాక్సులు. గాలీ అలల సమాచారం ఒకదాంట్లో, బోట్లు ఎక్కడున్నాయో చూపించే మ్యాపు ఒకదాంట్లో, హార్బరులో చేపల ధరలు ఒకదాంట్లో, సంఘం ప్రకటనలు మరొకదాంట్లో. ఎవరికి ఏది ముఖ్యమైతే దాన్ని వేలితో అంచు పట్టుకుని పెద్దది చేసుకోవచ్చు. ఒకటి పెరిగితే మిగతావి ఒదిగి చోటివ్వాలి. వినడానికి తేలిక. చెయ్యబోతే ఒక బాక్సు పెరిగినప్పుడల్లా పక్కదాంట్లో అక్షరాలు ఒకదాని మీదొకటి ఎక్కేవి, లేదా మొత్తం వరసే కిందికి జారిపోయేది. అందుకే ప్రతి బాక్సుకూ ఒక హద్దు పెట్టింది. అక్షరాలు చదవలేనంత చిన్నదిగా ఏదీ కాకూడదు.

పని నచ్చింది ఆమెకి. ఒకటి జరిగితే మిగతావన్నీ గొడవ లేకుండా సర్దుకోవడం చూస్తుంటే మనసుకు నెమ్మదిగా ఉండేది.

ముందుగా ఉప్పాడలో కొన్ని కుటుంబాలకు ఇచ్చి చూడమన్నారు. ఇబ్బందులేమైనా ఉంటే చెప్పడానికి పేజీ అడుగున హారతి నంబరు పెట్టారు.

ఒక ఉదయం ఆమె ఉప్మా తింటుంటే ఫోను మోగింది.

"మేడం, నేను ఉప్పాడ నుంచండి. నూకరత్నం. ఈ బాక్సు చిన్నదవ్వట్లేదండి."

"పెద్దదవ్వట్లేదా అండీ?"

"కాదండి, చిన్నది. మ్యాపు బాక్సు. కొంచెం వరకూ వస్తాదండి. ఆ తర్వాత ఎంత నెట్టినా కదలట్లేదు."

"మరీ చిన్నదైతే చదవడానికి రాదని అక్కడ ఆపామండి."

"నాకు చదవక్కర్లేదండి. మా ఆయన బోటు చుక్క ఒక్కటీ కనపడితే చాలు."

"అయితే పెద్దది చేసుకోండి. ఇంకా బాగా కనపడుతుంది."

అవతల సిగ్గుపడుతున్నట్టు చిన్న నవ్వు.

"పెద్దది చేస్తే ఒడ్డు ఈ చివర, ఆయన ఆ చివర అయిపోతున్నారండి. చిన్నది చేస్తే మా ఊరి పక్కనే ఉన్నట్టుంటారు."

హారతికి నవ్వొచ్చింది. నవ్వాక తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

ఆ మధ్యాహ్నం మీటింగులో ఆ సంగతి చెప్పింది. ఆ పనికి పెద్ద జయపాల్ గారు. విశాఖ నుంచి మాట్లాడతారు, మాట తక్కువ మనిషి.

"ఒక్కావిడ అడిగిందని రూలు మారుస్తామా హారతీ?"

"అడగనివాళ్ళు ఎలాగూ చిన్నది చేసుకోరండి. అడిగినావిడకి పనికొస్తుంది."

"మ్యాపుకి మాత్రమే. మిగతావి కదపొద్దు."

హద్దు తీసెయ్యగానే బోట్ల పేర్లన్నీ కుప్పపడి చుక్కలు కనపడకుండా పోయాయి. ఒక కొలత దాటి చిన్నదైతే పేర్లు తప్పుకుని చుక్కలు మాత్రం మిగిలేలా మార్చింది. మర్నాడు తనే నూకరత్నానికి ఫోను చేసింది.

"ఇప్పుడు నెట్టి చూడండి."

"అయ్యో, వచ్చేసిందండి! బొట్టుబిళ్ళంత అయిపోయింది!"

అప్పట్నుంచీ నూకరత్నం తరచూ ఫోను చేసేది. ధరల బాక్సులో వంజరం చేప పేరు తప్పుగా రాశారని ఒకసారి, పేజీ రావట్లేదని ఒకసారి. తీరా చూస్తే డేటా అయిపోయి ఉండేది. మాటల్లో మాటగా తన సంగతులు చెప్పేది. పెళ్ళై ఏడాది దాటింది. భర్త వీరబాబు కాకినాడ హార్బరు నుంచి వెళ్ళే మరబోటు మీద పని చేస్తాడు. వెళితే పది పన్నెండు రోజులకు గాని రాడు. అత్తవారి ఇల్లు సముద్రం కోసుకుపోయింది. ఇప్పుడు ఊరి వెనక్కి జరిగి చిన్నత్తగారి ఇంట్లో ఒక గదిలో ఉంటున్నారు. పొద్దున్నే చేపల గంప పట్టుకుని పిఠాపురం వెళ్ళి అమ్ముకొస్తుంది.

"మీ ఇంట్లో ఎవరెవరు ఉంటారండి?" అని ఒకరోజు అడిగింది.

"నేనే."

"ఇంకా?"

"నేనొక్కదాన్నే."

"అమ్మో! భయం వెయ్యదాండీ?"

"భయమేం లేదండీ," అంది హారతి. భయం కాకపోతే మరేమిటో నూకరత్నం అడగలేదు.

నవంబరులో వాయుగుండం పట్టింది. బోట్లన్నీ వెనక్కి రమ్మని కబురు వెళ్ళింది. గాలి బాక్సు అంచు ఎర్రబడింది. హారతి వేరే పని చేసుకుంటూనే ఆ పేజీని తెర మీద ఒక పక్కన తెరిచి ఉంచింది. చుక్కలు ఒక్కొక్కటే ఒడ్డు వైపు జరుగుతున్నాయి. వీరబాబు ఎక్కిన బోటు చుక్క మాత్రం ఉన్నచోటే ఉంది. మర్నాడు పొద్దున్న చూసేసరికి దాని రంగు మారింది.

ఫోను మోగుతుందని తెలుసు. మోగింది.

"మేడం, చుక్క బూడిదరంగు అయిపోయిందేంటండీ?"

ఆ రంగు పెట్టింది హారతే. చాలాసేపు బోటు నుంచి కబురు రాకపోతే చుక్క ఎర్రగా మారాలని మొదట అనుకుంది. ఎరుపు చూస్తే జనం హడలిపోతారన్నారు జయపాల్ గారు. అప్పుడు ఈ బూడిదరంగు వెతికి పెట్టింది. తెర మీద హుందాగా ఉందని ముచ్చటపడింది కూడా.

"అంటే... బోటులో ఉన్న పరికరం నుంచి సిగ్నల్ రావట్లేదండి."

"సిగ్నల్ రావట్లేదంటే?"

"పరికరం ఆగిపోయి ఉండొచ్చు. బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు."

"ఇంకేమై ఉండొచ్చండి?"

హారతి తెర మీద ఆ చుక్క దగ్గరికి వంగి చూసింది. అవతల గాలి హోరు వినిపించింది. తర్వాత నూకరత్నం ఫోను పెట్టేసింది.

హారతి కాసేపు గదిలో అటూ ఇటూ తిరిగింది. కంపెనీకి సెలవు పెడుతున్నానని మెసేజి పెట్టి, గొడుగు పట్టుకుని బస్ కాంప్లెక్సుకు వెళ్ళి కాకినాడ బస్సెక్కింది. అక్కణ్ణుంచి ఉప్పాడ వెళ్ళే బీచ్ రోడ్డు మీదికి అలలు వస్తున్నాయని పోలీసులు ఆపేశారు. పిఠాపురం మీదుగా వెళ్ళే ఆటో దొరికింది. ఎందుకు వెళుతున్నావని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలా అని దారంతా ఆలోచించింది.

సంఘం హాల్లో చాపలు పరిచి ఉన్నాయి. ఇరవై మంది దాకా ఆడవాళ్ళు కూర్చున్నారు. గోడకు పెద్ద టీవీ, అందులో హారతి చేసిన పేజీ. ఎవరో మ్యాపు బాక్సును తెరంతా నిండేలా లాగి పెట్టారు. అంత పెద్ద తెర మీద ఉప్పాడ ఒక మూలన ఉంది. బూడిదరంగు చుక్క మరో మూలన ఉంది. మధ్యలో అంతా నీలం.

టీవీకి వీపు పెట్టి ఒకమ్మాయి కూర్చుని ఉంది. చేతిలో ఫోను, ఫోనులో బొట్టుబిళ్ళంత బాక్సు. హారతి ఆమెను అంతకుముందు చూడలేదు. అయినా తెలిసిపోయింది.

"నూకరత్నం గారూ, నేను హారతిని."

ఆ అమ్మాయి తలెత్తి చూసింది. ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయాయి. "ఇంత దూరం వచ్చారాండీ," అని పక్కకు జరిగి చాప మీద చోటిచ్చింది.

ఎవరో టీ తెచ్చిచ్చారు. పెద్దావిడ ఒకామె తన శాలువా తీసి హారతి తడిసిన భుజాల మీద కప్పింది, నువ్వెవరివని అడక్కుండానే. కొంతసేపటికి నూకరత్నం హారతి చెయ్యి పట్టుకుంది. గట్టిగా, వేళ్ళు నొప్పెట్టేలా పట్టుకుంది. తనను ఒక మనిషి ముట్టుకుని ఎంత కాలమైందో హారతి గుర్తు చేసుకోబోయింది, గుర్తు రాలేదు. అంత మంది మధ్య, ఆ తడి బట్టల వాసనలో, ఎప్పుడూ లేనంత హాయిగా ఉంది ఆమెకి. ఆ సంగతి తెలియగానే సిగ్గేసింది. వీళ్ళ బతుకులు సముద్రం మీద ఉంటే నాకు హాయేమిటి అనుకుంది. అయినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

సాయంత్రం కావస్తుండగా సంఘం కార్యదర్శి యెహెజ్కేలు గారి ఫోను మోగింది. ఆయన గుమ్మంలోకి వెళ్ళి, ఒక చెవి మూసుకుని విన్నారు. ఉన్నట్టుండి లోపలికి తిరిగి కేకేశారు.

"విశాఖ హార్బర్లో ఉన్నారంటమ్మా! ఇంజను ఆగిపోతే వేరే బోటు వాళ్ళు లాక్కెళ్ళారంట! అందరూ బాగున్నారు!"

హాలంతా ఒక్కసారి లేచింది. ఎవరు ఏడుస్తున్నారో ఎవరు నవ్వుతున్నారో తెలియలేదు. నూకరత్నం చెయ్యి వదిలేసి పరుగెత్తింది, చెప్పులు కూడా వేసుకోకుండా. అత్తగారికి చెప్పాలి మరి. ఆమె వెనకే మిగతావాళ్ళు వెళ్ళిపోయారు. శాలువా ఇచ్చిన పెద్దావిడ శాలువా తీసుకుని వెళ్ళింది. కాసేపట్లో చాపలూ, టీ గ్లాసులూ, హారతీ మిగిలారు.

యెహెజ్కేలు గారు అప్పుడు చూశారు ఆమెను.

"మీరు ఎవరి తాలూకండి?"

"నేను ఆ పేజీ చేసినదాన్నండి."

ఆయన టీవీ వైపు చూశారు. "ఓహో, అదాండి. బాగుందండి. ఆ రంగు ఒక్కటే బాలేదు."

"మారుస్తానండి," అంది హారతి.

మార్చింది. చుక్క రంగు మారినప్పుడు దాని పక్కనే "చివరి కబురు నిన్న సాయంత్రం" అని మామూలు మాటల్లో రాసి కనపడేలా, బాక్సు ఎంత చిన్నదైనా ఆ ఒక్క వాక్యం చెదరకుండా ఉండేలా చేసింది. జయపాల్ గారు మెచ్చుకున్నారు. పేజీ సంఘం మొత్తానికి వెళ్ళింది. ఇకమీదట ఫోన్లన్నీ హైదరాబాదులో ఉన్న వేరే బృందం చూసుకుంటుందని, ఆమె నంబరు తీసెయ్యమని చెప్పారు. ఆ వరస తీసేస్తే కింద కొంచెం చోటు ఖాళీ అయింది. అక్కడ సంఘం పేరు పెట్టి సరిచేసింది.

తర్వాత ఒక ఫర్నిచరు షాపు వాళ్ళ పని వచ్చింది. సోఫాలూ మంచాలూ వరసలుగా పేర్చాలి. నూకరత్నం నుంచి ఫోను రాలేదు. ఎందుకు వస్తుంది? పేజీలో ఇబ్బందేమీ లేదు. భర్త ఇంటికొచ్చాడు. డిసెంబరు వెళ్ళిపోయింది. హారతి రోజూ పొద్దున్న టిఫిను తినేటప్పుడు ఫోను పక్కన పెట్టుకునేది, తర్వాత అది కూడా మానేసింది.

ఒక శనివారం మధ్యాహ్నం, మీటింగులేవీ లేనప్పుడు, ఆమె నంబరు వెతికి తనే చేసింది. రింగవుతుంటే పెట్టేద్దామనుకుంది.

"మేడం! బాగున్నారాండీ? పేజీ బ్రహ్మాండంగా ఉందండి, ఏ ఇబ్బందీ లేదు. ఆయన మళ్ళీ బోటెక్కారు. రోజూ చూస్తున్నానండి."

"పేజీ గురించి కాదండి."

"మరి?"

హారతి కిటికీ వైపు చూసింది. కింద రోడ్డు మీద ఎవరో స్కూటరు స్టార్టు చెయ్యడానికి అవస్థ పడుతున్నారు.

"ఊరికే చేశాను."

"ఊరికేనా?" అంది నూకరత్నం. అడ్డం వచ్చానేమో, పనిలో ఉందేమో అని హారతి నోటిదాకా వచ్చిన క్షమాపణ చెప్పబోయింది.

"అయితే ఉండండి. పొయ్యి మీద పులుసుంది, కట్టేసొస్తాను. పెట్టెయ్యకండేం!"

ఫోను ఎక్కడో పెట్టిన చప్పుడు. గిన్నె మీద మూత చప్పుడు. దూరంగా ఎవరినో ఏదో అడుగుతోంది. హారతి ఫోను చెవికి ఆనించుకుని, కుర్చీ గోడ దగ్గరికి జరుపుకుని, వినసాగింది.