జేబులో దొరికిన మాత్రలు

నీళ్లలో వేసే ముందు ఆయన ప్యాంటు జేబులు తడమటం ఇరవై రెండేళ్లుగా నా పని. చిల్లర, బస్సు టికెట్లు, పళ్లు ఊడిన దువ్వెన దొరుకుతుంటాయి. ఈ పొద్దున నా మాత్రలు దొరికాయి. షాపులో లేవని నాలుగు రోజులుగా ఆయన చెబుతున్న మాత్రలే. పది గులాబీ బిళ్లలు, ఒక్కటీ చింపని అట్ట.

ఐదు నెలల కిందట కుట్టుపని షెడ్డులో, చొక్కా కాలరు కుడుతూ కుడుతూ మిషను మీదే ఒరిగిపోయాను. గుండెపోటన్నారు, స్టెంటు వేశారు. ఇంటికి పంపేటప్పుడు నర్సమ్మ ఇలాంటి అట్టనే కళ్ల ముందు ఆడించి చెప్పింది: "ఏడాదిపాటు ఒక్క రోజు కూడా తప్పకూడదమ్మా. తప్పితే స్టెంటులో రక్తం గడ్డకడుతుంది, ప్రాణం మీదికొస్తుంది." ఆయన పక్కనే నిలబడి తలాడించాడు. మా అత్తగారైతే, "కూర్చుని మిషను తొక్కేదానికి గుండెపోటేమిటో, విడ్డూరం" అంది. మూడో వారానికల్లా చీపురు నా చేతికి తిరిగొచ్చింది.

రక్తం పలచబడే మందు కదా, ఏది తగిలినా కమిలిపోతుంది. బకెట్టు అంచు తగిలిన చోట నల్లగా, గొళ్లెం తగిలిన చోట నీలంగా. ఆ మచ్చలు చూసి నొప్పా అని ఆయన ఒక్కనాడూ అడగలేదు. "పొడుగు చేతులవి వేసుకోవే, చూసినవాళ్లు నేను కొడుతున్నాననుకుంటారు" అన్నాడు. పోయిన ఆదివారం వాళ్లక్క వచ్చింది. నా మోచెయ్యి పట్టుకుని, "ఏరా తమ్ముడూ, ఇదెప్పుడు మొదలెట్టావు?" అని నవ్వుతూనే అడిగింది. ఆయన మొహం మాడిపోయింది. మర్నాటి నుంచే షాపులో మాత్రలు లేవు.

పంపు దగ్గరే అట్ట తిప్పి చూశాను, సంగతి అర్థమైంది. నా గుండె ఆగినా ఆయనకి ఫరవాలేదు గానీ, మంచివాడన్న తన పేరు మాత్రం కమలకూడదు. ఆ పేరును కూడా ఇన్నేళ్లూ ఉతికి ఆరేసింది నేనే. ఒక బిళ్ల చింపి పంపునీళ్లతోనే మింగాను. మిగతా అట్ట సంచిలో పడేశాను. ఈ రోజే గుండె డాక్టరు రమ్మన్న రోజు.

"ఆ పొట్టి చేతులదేమిటే? మార్చుకో" అన్నాడు బయల్దేరేటప్పుడు.

"పొడుగువన్నీ నానబెట్టాను."

ఆస్పత్రిలో ఫైలు ఆయన చేతిలోనే ఉంది. డాక్టరమ్మ అడిగింది కూడా ఆయన్నే: "మాత్రలు సరిగ్గా వేసుకుంటోందా?"

"మతిమరుపండీ ఈవిడకి. అన్నీ నేనే గుర్తుచెయ్యాలి. ఈ నాలుగు రోజులూ వేసుకోనే లేదు."

ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని నా చేతులు చూసింది. తర్వాత ఆయన్ని చూసింది.

"అయ్యో, అలా చూడకండి మేడం" అన్నాడు గాభరాగా. "ఒట్టు, ఏనాడూ చెయ్యెత్తలేదు. కావాలంటే దాన్నే అడగండి."

అడగనక్కర్లేకుండానే సంచిలోంచి అట్ట తీసి బల్ల మీద పెట్టాను.

"నిజమేనండీ. ఏనాడూ కొట్టలేదు. వీటిని మాత్రం నాలుగు రోజులు జేబులో దాచుకు తిరిగాడు."