తమ్ముడి రక్తం

విక్టోరియా టీచరు ఒంట్లో రక్తం లేదన్న సంగతి తాడేపల్లిగూడెంలో వాళ్ళ వీధి వీధంతటికీ తెలుసు. ఆరేళ్ళుగా కీళ్ళవాతం. కణుపులు ఉబ్బిపోయి సుద్దముక్క పట్టుకోవడమే గగనమయ్యేది. దానికి తోడు ఈమధ్య ఆయాసం. చర్చిలో కనిపించినవాళ్ళల్లా బీట్‌రూట్ అనేవారు, ఖర్జూరం అనేవారు. భర్త హెన్రీ ఆదివారం తప్పకుండా మేక కార్జం తెచ్చేవాడు. తిన్నదంతా ఎటు పోయేదో, రక్తం మాత్రం పెరిగేది కాదు.

రెండువేల ఎనిమిది ఏప్రిల్లో ఏలూరు డాక్టరు సూర్యప్రకాశరావు ఆ సంగతి తేల్చి చెప్పారు.

"ఇనుము లేక కాదమ్మా. ఎప్పుడూ వాపు ఉండబట్టి ఒళ్ళు దాన్ని దాచేసుకుంటోంది. రక్తం తయారీకి వదలడం లేదు."

"మా మిల్లు గొడౌనుకి సీలేసినట్టన్నమాటండీ," అన్నాడు రైసుమిల్లు గుమాస్తా అయిన హెన్రీ. "బస్తాలుంటాయి, బయటికి రావు."

"అలాంటిదేనండీ."

వాపుని రగిలించే పదార్థాన్ని అడ్డుకునే ఇంజెక్షనొకటి పరీక్షల్లో ఉంది. వాపు తగ్గితే ఇనుము కదులుతుందని ఆశ. హామీ ఏమీ లేదు. కొందరికి మందు, కొందరికి ఉత్త సెలైను. ఎవరికేదో డాక్టరుకీ తెలియదు. ఆయన దగ్గర ఇంకొక్కరికే చోటుంది. సోమవారం వస్తే రక్తం చూసి తీసుకుంటామన్నారు. "అందాకా కొత్త మందులేవీ వాడకండి."

విక్టోరియాకి ఆ చోటు కావాలి. జూన్లో బడి తెరిచేనాటికి నిలబడి పాఠం చెప్పలేకపోతే ఆఫీసు పనికి మారుస్తామని కరస్పాండెంటు చెప్పేశారు.

శనివారం ఆమె తమ్ముడు ఎడ్విన్ కొల్లేరు నుంచి కొరమేనులు పట్టుకుని వచ్చాడు. చేపల చెరువులో భాగస్వామి గంగరాజు కూడా వెంట వచ్చాడు. వాకిట్లోకి రావడానికే అక్క రొప్పడం చూసి ఎడ్విన్ కంగారుపడ్డాడు.

"ఇలా తీసుకెళ్తే డాక్టరు ముందే పడిపోద్ది బావా! పెళ్ళిచూపులకైనా పిల్లకి కాస్త పౌడరు రాసి కూచోబెడతాం కదా?"

"మందులేవీ వద్దన్నార్రా," అంది విక్టోరియా.

"నా రక్తం మందేంటక్కా?"

ఆ మాట మిగతా ముగ్గురికీ సబబుగానే తోచింది. తోడబుట్టినవాడి రక్తమే కదా అనుకుని విక్టోరియా తలూపింది. ఊళ్ళో తెలిసిన నర్సింగ్ హోముకి వెళ్ళారు. గ్రూపులు కలవడంతో ఎడ్విన్‌ది ఒక సీసా, గంగరాజుది ఒక సీసా ఎక్కించారు.

"ఇక మా అక్క నీకూ అక్కేరా. అక్కకి పెట్టే కట్నాలూ కానుకలూ సగం నీ వంతు," అన్నాడు ఎడ్విన్.

"అయితే ఆ కొరమేను పులుసులోనూ సగం నాదే," అన్నాడు గంగరాజు.

ఆదివారం ఆమె చర్చిలో పాటలన్నీ నిలబడే పాడింది. సోమవారం ఏలూరు స్టేషన్లో వంతెన మెట్లు ఆగకుండా ఎక్కింది.

డాక్టరు రిపోర్టు రెండుసార్లు చూశారు. "వారంలో ఇంత ఎలా పెరిగిందమ్మా?"

"రక్తం ఎక్కించామండీ," అన్నాడు హెన్రీ సంబరంగా. "మీకు చూడ్డానికి బాగుంటుందని."

"మందులు వద్దన్నాను కదండీ."

"మందు కాదండీ. వాళ్ళ తమ్ముడిదే."

డాక్టరు కోప్పడలేదు. ఎక్కించిన రక్తం ఉండగా మందు పనిచేసిందో లేదో తెలియదన్నారు. మూడునెలలైతేగాని ఆమెని పరీక్షలోకి తీసుకోకూడదు, అప్పటికి చేర్చుకోవడం అయిపోతుంది. ఇంత వివరంగా ముందే చెప్పాల్సిందని ఆయనే అనుకున్నారు. కీళ్ళ మాత్రలు మానకుండా వాడమని రాసిచ్చి, చింతలపూడి నుంచి వచ్చిన ఇంకొకావిణ్ణి లోపలికి పిలిచారు. పాలిపోయిన ఆ మనిషి గోడ పట్టుకుని నడుస్తుంటే విక్టోరియా పక్కకి తప్పుకుని దారిచ్చింది.

బయట బెంచీ మీద హెన్రీ తల దించుకుని కూర్చున్నాడు.

"ఈ ఓపిక ఎన్నాళ్ళుంటుందన్నారండీ?" అని అడిగింది విక్టోరియా.

"కొన్ని వారాలేనట."

"అయితే రేపే కరస్పాండెంటుగారి దగ్గరికి వెళ్దాం పదండి."

"ఏమని చెప్తాం?"

"ఎత్తు స్టూలొకటి వేయించమని. కూర్చునే పాఠం చెప్తానని. ఆయాసం లేకుండా మాట్లాడగలిగినప్పుడే అడగాలి కదండీ," అంటూ లేచింది.