బోరు లారీ అనుకొని పట్టిన ఆరతి

తెర మీద హొన్నమ్మ నవ్వుతూ ఆరతి పడుతోంది. తెర ముందు అదే హొన్నమ్మను ఇద్దరు సెక్యూరిటీ వాళ్లు రెక్కలు పట్టుకొని బయటికి ఈడుస్తున్నారు. కార్మికులారా, విద్యార్థులారా, ఇది ఎవరో చెప్తే విన్నది కాదు. ప్రొజెక్టర్ పక్కన నిలబడి నేను కళ్లారా చూసింది.

"అది బోరు లారీ అనుకొంటిమప్పా! నీళ్లు పడతాయని పట్టినాం!" అని అవ్వ అరుస్తూనే ఉంది. హాల్లో కొందరు నవ్వారు. ముందు వరుసలో కంపెనీ ఆఫీసరు నవ్వాడు కాబట్టి వాళ్లూ నవ్వారు.

మా పావగడ పల్లెల్లో బోరు లారీ వస్తే పెళ్లివారు దిగినంత హడావిడి. బండికి పసుపు కుంకుమ పెడతారు, టెంకాయ కొడతారు, ఆడవాళ్లు ఆరతి పడతారు. ఎన్ని బోర్లు ఎండిపోయినా ఈ అలవాటు పోలేదు. సోలార్ పార్కు పని మొదలైన ఏడు, పైన పొడుగాటి ఇనుప గొట్టాలున్న లారీ ఒకటి మా కాలనీ ముందు ఆగింది. ప్యానెళ్ల స్తంభాలు పాతడానికి గుంతలు తవ్వే మిషను అది. మాకేం తెలుసు? సర్కారు కాలనీకి బోరు వేయిస్తోందనుకున్నాం. హొన్నమ్మ ఆరతి పళ్లెం తెచ్చింది, మా అమ్మ టెంకాయ కొట్టింది. కెమెరా పట్టుకున్న కంపెనీ మనిషి "ఇంకోసారి" అంటే పాపం, ఇంకోసారి పట్టారు. లారీ గుంతలు తవ్వుకొని పోయింది. మేము మళ్లీ ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టాం.

ఆ బొమ్మలనే ఇప్పుడు కంపెనీ సినిమా చేసింది. 'ఊరంతా ఆరతి పట్టి ఆహ్వానించింది' అని వెనక నుంచి ఒక గొంతు తియ్యగా చెప్తుంది.

దాన్ని మొదట వేసింది మా సినిమా క్లబ్బు ఉత్సవం మొదటి రోజునే. క్లబ్బును మొదలుపెట్టింది సింధుశ్రీ. కాలనీ పిల్ల, పావగడలో డిగ్రీ చదువుతోంది. ఆదివారం సాయంత్రాలు సినిమా వేసి, అయిపోయాక అందరి చేతా మాట్లాడించేది. పొద్దంతా ప్యానెళ్లు కడిగి వచ్చిన ఆడవాళ్లు కుర్చీల్లో కూర్చొని, సినిమాలో జమీందారుదే తప్పని, కాదు వాడికి దండం పెట్టినవాళ్లదని పోట్లాడుకునేవాళ్లు. నాకు ఆ పోట్లాటలంటే ప్రాణం. అయితే మేము సినిమాలు వేసే సాంస్కృతిక కేంద్రం కంపెనీ కట్టించింది, తాళంచెవి దాని కమిటీ అధ్యక్షుడు గోపాలప్ప దగ్గర ఉంటుంది. పొలాలన్నీ కంపెనీకి గుత్తకిచ్చి, ఏటేటా ఇంట్లో కూర్చొని బాడుగ తీసుకునే పెద్ద రైతు ఆయన. ఆ పొలాల్లో కూలి చేసిన మాకు బాడుగా లేదు, కూలీ లేదు. మిగిలింది ఊరి పైనున్న గోమాళం, ఊరుమ్మడి మేత బీడు, ఒక్కటే. హొన్నమ్మ గొర్రెలూ కాలనీలో మిగతావాళ్ల గొర్రెలూ మేసేది అక్కడే.

ఇప్పుడు కంపెనీ కన్ను ఆ గోమాళం మీద పడింది. ఉత్సవం చివరి రోజు తాలూకా అధికారులు వచ్చి ఆ ఆరతి సినిమా చూస్తారు, జనం ఒప్పుకున్నారని రాసుకొని పోతారు. ఆ తర్వాత కంచె.

అవ్వను ఈడ్చిన మరునాడు పొద్దున ట్యాంకరు దగ్గరే మీటింగు పెట్టాం. గోపాలప్ప కూడా వచ్చాడు.

"ఏమ్మే హొన్నమ్మా, పెద్దోళ్ల ముందర ఆ గోలేంది?" అన్నాడు. "కంపెనీ లేకపోతే ఈ ఆడోళ్లకు పని యాడుండాది?"

"నీ చేన్లో ఉండ్లేదా అన్నా? కలుపు తీస్తిమి, శెనక్కాయలు పీకితిమి. నువ్వు గుత్తకిచ్చినప్పుడు మమ్మల్ని అడిగినావా?"

"నా చేను. నిన్నడిగేదేంది?"

"గోమాళం నీది కాదు గదప్పా. దానికన్నా మమ్మల్ని అడగండి."

దానికి అడ్డం పడింది రత్న. నాతోపాటు ప్యానెళ్లు కడిగే మనిషి. "అవ్వా, నీకు గొర్రెలుండాయి. నాకీ పని పోతే పిల్లోళ్లకు ఏం పెట్టల్ల? ఈ గొడవలోకి నేను రాను" అంది.

సింధుశ్రీ ఫోను తీసింది. "ఆ పొద్దు ఏం జరిగిందో నువ్వే చెప్పవ్వా. మనమూ సినిమా తీద్దాం. ఉత్సవంలో ఊరోళ్ల సినిమాకు టైమిచ్చినారు గదా."

హొన్నమ్మ చెప్పింది. లారీ అని మొదలుపెట్టి, ఎండిపోయిన బోర్ల దాకా, చచ్చిపోయిన పెనిమిటి దాకా పోయింది. ఏడవలేదు, తిట్టింది. అంత మంచి సినిమా మా హాల్లో ఎప్పుడూ పడలేదని నాకిప్పటికీ గట్టి నమ్మకం.

పడనివ్వలేదు కూడా. చివరి రోజు సాయంత్రం మా వంతు రాగానే గోపాలప్ప వచ్చి ప్రొజెక్టర్ వైరు పీకాడు. "టైమైపోయింది నందీషా. సార్లు తొందరగా పోవల్ల" అన్నాడు. మళ్లీ వైరు పెట్టి నా చేత కంపెనీ సినిమా వేయించాడు. ఆ మీట నొక్కింది నా చెయ్యే. వైరు తెంచి పారేయాల్సింది. పని పోతుందని భయం, అంతే.

లారీ వచ్చింది. ఆరతి పళ్లెం వచ్చింది. అప్పుడు హొన్నమ్మ లేచి తెరకు అడ్డంగా నిలబడింది. ఆమె పక్కన సింధుశ్రీ, ఆ పక్కన మా అమ్మ. ఒకరి వెనక ఒకరు కాలనీ ఆడవాళ్లంతా లేచారు. తెర కనబడకుండా పోయింది. సినిమా వాళ్ల చీరల మీద పడింది, మొహాల మీద పడింది.

"పక్కకు జరగండి!" ఆఫీసరు అరిచాడు.

"మమ్మల్నే గదా చూసేకి వచ్చినారు. చూడండి" అంది హొన్నమ్మ. "నీళ్లకు పట్టినాం సామీ ఆరతి. కంపెనీకి కాదు. గోమాళం మేమీయం. ఇది రాసుకోండి!"

ఒక్క అధికారీ పెన్ను తియ్యలేదు. చెప్పులు వెతుక్కుంటూ పోయారు. పోలీసులు మాత్రం వచ్చారు. హొన్నమ్మను, సింధుశ్రీని, మా అమ్మను, ఇంకొందరిని జీపెక్కించారు. సభకు భంగం కలిగించారట.

వాళ్లు స్టేషన్లో ఉండగానే గోమాళానికి కంచె పడింది. క్లబ్బుకు తాళం పడింది. హాల్లో ఉన్నవాళ్లంతా క్షమాపణ రాసిస్తే కేసు ఉండదు, పని పోదు అని కంపెనీ వాళ్లు అన్నారు. చాలామంది వేలిముద్ర వేశారు. నేనూ సంతకం పెట్టాను. ఆకలి ముందు ఉపన్యాసాలు నిలవవు మిత్రులారా, ఆ సంగతి మీరు పుస్తకాల్లో చదివినా మేము కడుపుతో తెలుసుకున్నాం. హొన్నమ్మా సింధుశ్రీ వెయ్యలేదు. బెయిలు మీద వచ్చారు.

వచ్చిన మరునాడే అవ్వ గొర్రెలను విప్పింది. కంచె చుట్టూ తిప్పింది. ఎక్కడా సందు దొరకలేదు. తిన్నగా తోలుకొచ్చి, ప్యానెళ్ల లారీలు దూరే పార్కు గేటు ముందర మందను ఆపి, తాను నేల మీద కూర్చుంది. సింధుశ్రీ పక్కన కూర్చుంది.

"లెయ్ ముసిల్దానా! లారీలు నిలిచిపోయినాయి" అని గార్డు కర్ర ఎత్తాడు.

"మేత యాడుందో చెప్పప్పా. ఆడికే తోలుకపోతా."

అప్పుడే మేము పనిలోకి వచ్చాం. గెలుస్తామని మాలో ఎవరికీ ఆశ లేదు. ఈ మాట దాచను. కంచె ఊడదు, గోమాళం తిరిగిరాదు. కానీ ఆ కర్ర కిందికి దిగేలోపు రత్న బ్రష్షు కింద పారేసి పోయి అవ్వను ఆనుకొని కూర్చుంది. నేను రానన్న రత్నే. ఆమె వెనక మిగిలినవాళ్లు, వాళ్ల వెనక నేను.

పోలీసు జీపు మళ్లీ వచ్చింది. ఎస్సై దిగి మమ్మల్నందరినీ ఒకసారి చూసి, ఇంకో బండి పంపమని ఫోను చేశాడు.