భుజం మీది దూది

ఆదోనిలో పత్తి సీజను మొదలైందంటే ఎవరి భుజం చూసినా దూదే. మార్కెట్ యార్డు నుంచి బండ్లు కదిలేకొద్దీ గాలిలోకి లేచి, ఇడ్లీ పాత్రల మీదా పెళ్ళి శుభలేఖల మీదా బ్యాంకు మేనేజరు మీసాల మీదా తేడా లేకుండా వాలుతుంది. దులిపితే పోతుంది. దులిపినా పోని దూది ఇంకొకటుంది. ఎక్కడో ఎవరో మన కోసం ప్రార్థన చేస్తుంటే వచ్చి వాలేది అది. వాళ్ళు ముగించి లేచేదాకా భుజం వదలదు. చేసేవాళ్ళు దగ్గర్లో ఉంటే మందంగా, దూరంగా ఉంటే పలచగా పడుతుంది. ఏ దూదిని దులపాలో, ఏ దూదిని వదిలెయ్యాలో ఊళ్ళో మంగలి షాపుల వాళ్ళందరికీ తెలుసు.

దేవదాసు పుస్తకాల షాపు యార్డుకు వెళ్ళే దారిలోనే ఉంది. ఉదయాన్నే షట్టరు ఎత్తి, కౌంటరు తుడిచి, ఎదురుగా ఉన్న సర్దార్ హోటల్ నుంచి టీ తెప్పించుకుని కూర్చుంటాడు. అన్నీ క్రైస్తవ పుస్తకాలే, అందులోనూ సంస్కరణ బోధ చెప్పేవి మాత్రమే. రక్షణ మనిషి చేతిలో లేదు, దేవుడే తనవాళ్ళను ముందుగా ఏర్పరచుకున్నాడు, అంతా కృప అన్నది ఆ బోధ. అభిషేక తైలం సీసాలు, ఆశీర్వాదపు క్యాలెండర్లు ఉన్నాయా అని అడగవచ్చినవాళ్ళను నిలబెట్టి, వాళ్ళ తప్పులన్నీ దిద్ది మరీ పంపేవాడు. కృప గురించి అంత బాగా చెప్పగలిగినవాడు చుట్టుపక్కల ఇంకొకడు లేడు. ఆయన దగ్గర అది దొరికినవాడు కూడా ఎవడూ లేడు.

కొన్ని నెలలుగా ఆయన భుజాల మీద దులిపినా పోని దూది పడుతోంది.

"ఎవురో నీకోసరం గట్టిగా అడుగుతాండారన్నా," అన్నాడు సర్దార్ ఒకరోజు గ్లాసు పెడుతూ. తల్లి జొహరాబీ నమాజు వేళకు తన భుజం మీద వాలే నాలుగు పోగులకు అలవాటుపడ్డవాడు.

దేవదాసు గంభీరంగా తలూపాడు. తన షాపు పుస్తకాలు చదివి కళ్ళు తెరిచినవాళ్ళెవరో అయివుంటారని లోలోపల మురిసిపోయాడు. ఆ దూది నలుగురికీ కనబడాలని ముదురు రంగు చొక్కాలు కుట్టించుకున్నాడు కూడా.

నెలకో ఆదివారం పుస్తకాల సంచితో ఎమ్మిగనూరు వెళ్ళి, అక్కడి సంఘంలో ఆరాధన అయ్యాక ఒక పుస్తకం గురించి చెప్పడం ఆయన అలవాటు. ఆ ఆదివారం ఎప్పటికన్నా ముందు బస్సు ఎక్కాడు. అది ఎమ్మిగనూరు దగ్గరపడేకొద్దీ దూది మందమైంది. పాస్టరుగారే అయివుంటారు అనుకున్నాడు. తీరా బస్టాండులో దిగి చర్చి వైపు నడిస్తే పలచబడింది. వెనక్కి తిరిగి మగ్గాల వీధిలోకి అడుగుపెడితే మళ్ళీ దట్టంగా పడింది. ఆరాధనకు ఇంకా వేళ ఉంది కదా అని ఆ దారినే పట్టాడు. ఎదురుపడగానే "నాదేముంది, అంతా కృప" అనాలని, కాస్త తల వంచి అంటే బాగుంటుందని ఆలోచించుకుంటూ నడిచాడు. మగ్గాల చప్పుడు మధ్య దూది మోచేతుల దాకా దిగింది. ఒక రేకుల ఇంటి ముందుకు వచ్చేసరికి బొంత కప్పుకున్నట్టయింది. అది ఎవరి ఇల్లో గుర్తుపట్టి దేవదాసు ఆగిపోయాడు.

ఈరమ్మవ్వ ఇల్లు.

పోయిన వేసవిలో దేవుని ఏర్పాటు గురించిన పుస్తకం చెబుతున్నప్పుడు ఈ ముసలామె లేచి నిలబడింది. కామెర్లతో పోయిన తన కొడుకు ఉచ్చీరప్ప బాప్తిస్మం తీసుకోలేదని, వాడు దేవుని లెక్కలో ఉంటాడా అని అడిగింది. అందరూ వింటుండగా దేవదాసు పుస్తకంలో వేలు పెట్టుకునే జవాబిచ్చాడు. దేవుని గ్రంథంలో పేరు లేనివాళ్ళకు తల్లి ఎంత ఏడ్చినా పేరు ఎక్కదన్నాడు. ఆమె కూర్చుంది. అదే పుస్తకంలో తర్వాతి పేజీలోనే, ఎవరి పేరుందో ఎవరిది లేదో చెప్పే పని ఏ మనిషికీ అప్పగించలేదని ఉంది. దాని కింద ఎర్ర పెన్సిలుతో గీత గీసింది దేవదాసే. వేళయిందని ఆ పేజీ తిప్పలేదు. తర్వాత ఆమె ప్రభువు బల్లలో ఇచ్చే రొట్టెకు చెయ్యి చాపడం మానేసిందనీ, చర్చికి రావడమే మానేసిందనీ తెలిసినప్పుడు, సత్యం అందరికీ గిట్టదులే అన్నాడు.

లోపల ఈరమ్మవ్వ రాట్నం తిప్పుతూ మగ్గానికి నూలు కండెలు చుడుతోంది. పెదవులు కదులుతున్నాయి. ఆయన్ను చూసి, ఆ భుజాలను చూసి, దొరికిపోయినదానిలా నవ్వింది.

"అయ్యో, ఇంత పడిందా. రాప్పా, కూకో."

"రోజూ నువ్వేనా అవ్వా?"

"నేనేలే."

"నేను నిన్ను అంత మాట అంటి గదా. ఎందుకు?"

ఆమె తెగిన పోగు ముడివేసి, మళ్ళీ రాట్నం అందుకుంది. "నా పేరు ఆడ ఉందో లేదో తెల్దు. లేనిదాన్ని నాకోసరం అడుక్కుంటే దేవుడేం ఇంటాడు? నీది ఖాయంగా ఉంటాది గదప్పా, ఇన్ని పుస్తకాలు సదివినోడివి. నీకోసరం అడిగితే తోసెయ్యడులే అనుకుంటి. అడిగి అడిగి అలవాటైన నోరు, ఊరికే ఉండదు."

దేవదాసుకు తల ఎత్తడానికి ముఖం చెల్లలేదు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఇన్ని నెలలు తాను బిరుదులా మోసిన దూది, తాను గెంటేసిన ముసలామె తన వంతు వదులుకుని పంపిందని తెలిసి, ఆ ముదురు రంగు చొక్కా చింపి పారెయ్యాలనిపించింది.

తల కొంచెం ఎత్తి ఆమె భుజాల వైపు చూశాడు. పాత చీర మీద ఒక్క పోగు లేదు.

"నీకు ఎవరిదీ పడదా అవ్వా?"

"ముందు పడుతుండె. ఆదివారం గుడిలో కిటికీ పక్కన కూకుంటే మరీ ఎక్కువ. పాస్టరయ్యగారు సంఘానికంతా ప్రార్థన చేస్తాడు గదా, అదేమోలే అనుకుంటి. నా కొడుకు పోయినాక ఒక్క పోగు రాలే. వానితో పాటు దేవుడు నన్నూ లెక్కలోంచి కొట్టేసినాడేమో అని భయమై, ఆ దినం నిన్ను అడిగితి."

దేవదాసు నెమ్మదిగా అడిగాడు. "అయ్యగారు ముందర గదా నిలబడేది. ఆ కిటికీ అవతల ఎవురుండేవాళ్ళవ్వా?"

"ఆడ ఎవురుంటారు? నన్ను ఇంటికి తీసకపోను మావాడు సైకిలు మీద కూకోని..."

రాట్నం ఆగిపోయింది. ఆమె చెయ్యి చక్రం మీదే ఉండిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చప్పుడు లేకుండా ఏడ్చింది. ఎవరి పేరుందో చెప్పే పని తనది కాదని దేవదాసుకు ఇప్పుడు తెలుసు. ఆమె పక్కన నేల మీద మోకరించి, ఆమె కోసం కళ్ళు మూసుకున్నాడు.

ఆ ఆదివారం ఈరమ్మవ్వను వెంటబెట్టుకుని చర్చికి వెళ్ళిన ఆయన సంచి విప్పలేదు. ఆరాధన మధ్యలోనే లేచి, పోయిన వేసవిలో అందరి ముందు అన్న మాట తప్పని అందరి ముందే చెప్పాడు. తిప్పని పేజీ సంగతీ చెప్పాడు. కొందరు తలలు దించుకున్నారు, ఒకరిద్దరు నవ్వుకున్నారు. ఆయన చివరి వరసలోకి వెళ్ళి కూర్చుని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

రొట్టె పళ్ళెం వరసలు దాటుకుంటూ కిటికీ దగ్గరికి వచ్చింది. ఈరమ్మవ్వ ఒకసారి కిటికీ అవతలి ఖాళీ జాగా వైపు చూసి, చెయ్యి చాపి ముక్క తీసుకుంది. పక్కన కూర్చున్న పాస్టరుగారి భార్య ఆమె భుజం మీద మందంగా వాలిన దూది చూసి దులపబోయింది.

"ఉండనీమ్మా," అంది ఈరమ్మవ్వ.