రాజు దిగితేనే రొట్టె

ఖోషాబా కుడిచెయ్యి మోచేతి దాకా తందూరులోకి దిగింది, రొట్టెను లోపలి గోడకు చరిచింది, బయటికొచ్చింది. మళ్ళీ దిగింది. ఆ చేతి మీద వెంట్రుకన్నది మొలవక ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు. కుడికంటి మీద కనుబొమ లేదు, కాలిపోయింది. ఎడమవైపుది మాత్రం ఉంది. అందుకే ఏం విన్నా సగమే నమ్మినట్టుంటుంది ఆ ముఖం. పొట్టి మనిషి. పొయ్యి ముందు నిలబడీ నిలబడీ కాళ్ళు రెండూ బయటికి వంగాయి. మధ్యలోంచి గొర్రెపిల్ల దూరిపోతుందని ఊళ్ళో ఎగతాళి. ఒకసారి నిజంగానే దూరింది.

అప్పుడే తెల్లవారింది. బయట ఫిబ్రవరి బురద. ఊరంతా నీనెవె ఉపవాసంలో ఉంది, ఇది మూడో రోజు. మొదటిరోజు నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టనివాళ్ళున్నారు. చాటుగా టీ తాగి మూతి తుడుచుకున్నవాళ్ళూ ఉన్నారు, వాళ్ళెవరో ఊరందరికీ తెలుసు. ఇవాళ మధ్యాహ్నం ఉపవాసం విడుస్తారు. ఆ వేళకు ఇంటింటికీ వేడిరొట్టె అందాలి, పేలపిండి పక్కన పెట్టుకోవడానికి. అంటే, కడుపు బాగా మాడుతున్న రోజునే ఖోషాబా అన్ని రోజుల కన్నా ఎక్కువ రొట్టె కాల్చాలి. వాసన చూస్తే ఉపవాసం చెడుతుందా అని ఒక ఏడాది ఫాదరు గారిని అడిగాడు. "నీకు చెడదు గానీ, నీ పక్కింటివాళ్ళకే కష్టం" అన్నాడాయన.

నీనెవె అంటే ఎక్కడో బైబిలు గ్రంథంలో ఉన్న ఊరు కాదు ఇక్కడివాళ్ళకి. మిద్దె ఎక్కితే కనబడే మట్టిదిబ్బలు, వాటి మీద మేసే గొర్రెలు. ఒకప్పుడు అక్కడినుంచే వీళ్ళ పూర్వీకులు, అష్షూరు రాజులు, లోకాన్ని తొక్కారు. గ్రంథం నిండా ఆ రాజ్యానికి తిట్లే. దేవుడి చేతిలో బడితె అన్నారు, గొడ్డలి అన్నారు, కిరాయికి తెచ్చిన మంగలికత్తి అన్నారు, సింహాల గుహ అన్నారు. అబద్ధమేం కాదు. మనుషుల చర్మం ఒలిపించి, ఆ ఘనకార్యాన్ని రాతిగోడల మీద చెక్కించుకున్న రాజులు వాళ్ళు. ఒక్క యోనా ప్రవక్త కథలోనే ఒక రాజు సంగతి వేరుగా ఉంటుంది. ఊరు నాశనమవుతుందని పరదేశి ఒకడు వీధిలో అరిస్తే విని, గద్దె దిగి, పట్టుబట్టలు విప్పి, గోనెపట్ట కట్టుకుని బూడిదలో కూర్చున్నాడు. ఊరినీ, ఊళ్ళో గొడ్డూగోదానూ ఉపవాసం ఉండమన్నాడు. ఊరు బతికింది. ఎన్ని రాజ్యాలు పుట్టలేదు, ఎన్ని చావలేదు! అడక్కుండా కుర్చీ దిగినవాళ్ళు ఎంతమంది?

అందుకే ఈ ఊళ్ళో ఒక ఆచారం. మూడోరోజు మధ్యాహ్నం చర్చి వాకిట్లో ఫాదరు గారు ఆ కథ చదువుతారు. రాజు వేషం కట్టినవాడు కుర్చీ దిగి బూడిదలో కూర్చోవాలి. కూర్చుంటేనే గంట మోగుతుంది. గంట మోగితేనే మనిషికి రొట్టె, గొర్రెకు గడ్డి. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ.

గోనె కట్టుకుని బూడిదలో కూర్చునే వేషం ఎవడిక్కావాలి? వెనకటికి అందరూ తప్పించుకుని, "బూడిద నీ పొయ్యిదేగా, కూర్చునేదీ నువ్వే" అని ఖోషాబా నెత్తిన పెట్టారు. ఆయనకది బాగా నచ్చింది. ఏడాది పొడుగునా నిలబడి బతికే మనిషికి రాజవేషం అంటే కూర్చోవడమే. అప్పుడే తీసిన బూడిద వెచ్చగా ఉంటుంది, మోకాళ్ళకు హాయి. ఎదురుగా ఊరంతా తన రొట్టె తింటుంటే చూడ్డం. ఆయన సొంతమంటూ ఉన్న పండగ అదొక్కటే.

ఈ ఏడు ఆ కూర్చోవడం మీద ఇంకాస్త ఆశ పెట్టుకున్నాడు. చలికాలం మొదలైనప్పటినుంచీ ఛాతీలో ఏదో పిడికిలి బిగిస్తోంది. పట్నం డాక్టరు పొయ్యి దగ్గరికి వెళ్ళొద్దన్నాడు. "పొయ్యి దగ్గరికి వెళ్ళకపోతే నేనెవరిని?" అని ఖోషాబా నిజంగానే తెలియక అడిగాడు. వచ్చే ఏడు చూస్తానన్న నమ్మకం ఆయనకు లేదు. ఈసారి మాత్రం కూర్చోవాలి.

సర్గోను వచ్చాడు. అన్నకొడుకు, బడిపంతులు, యువజన సంఘానికి పెద్ద. తండ్రి యుద్ధంలో పోతే ఖోషాబాయే పెంచాడు. వాడికి అష్షూరు చక్రవర్తి పేరు, బాబాయికి వారం పేరు. ఖోషాబా అంటే ఆదివారం, ఆ రోజు పుట్టాడని పెట్టారు, అంతే.

"బాబాయ్, ఒక మాట. కోప్పడకు."

"నాకు కోపం వస్తే రొట్టె మాడుతుంది. చెప్పు."

"ఈసారి రాజు నేను."

ఖోషాబా చెయ్యి తందూరులోనే ఒక్క క్షణం ఆగి బయటికొచ్చింది. "సరే. గోనె నీకు పొట్టిదవుతుందేమో."

"గోనె లేదు. కిరీటం చేయించాం, రెక్కల ఎద్దులు రెండు చేయించాం అట్టతో. పట్నం నుంచి కెమెరావాళ్ళొస్తున్నారు. నేను కుర్చీ దిగను బాబాయ్."

"దిగవా?"

"ఎందుకు దిగాలి? లోకం మనల్ని తిట్లలోనే చదివింది. నల్లజెండాల తీవ్రవాదులు వస్తే మూటలు నెత్తిన పెట్టుకుని పారిపోయాం. ఇంకా మనమే బూడిదలో కూర్చుని చూపించాలా? ఒక్కరోజు తలెత్తుకుని కూర్చుంటే తప్పా? అష్షూరు నా చేతిపని అని దేవుడే అన్నట్టు కూడా రాసుంది, తెలుసా?"

"అట్లాగా? మంచిమాటే" అన్నాడు ఖోషాబా. "ఆ కట్టె ఇటందుకో."

సర్గోను కట్టె అందించాడు. వాడి మాటలో నిజముందని ఖోషాబాకు తెలుసు, ఆ మూటల్లో ఒకటి ఆయన నెత్తి మీదే ఊరు దాటింది. కాందిశీకుల శిబిరంలో గుడారం పక్కనే మట్టితో తందూరు కట్టాడు. తిరిగొస్తే ఇల్లు కాలిపోయి ఉంది, ముందు మళ్ళీ తందూరే కట్టాడు. కుర్రతనంలో ఒక సైన్యానికి రొట్టె కాల్చాడు. తర్వాత ట్యాంకులేసుకొచ్చిన పరాయి సైన్యానికి కాల్చాడు. ఆ తర్వాత ఇంకోటి. ప్రతివాడూ వెయ్యేళ్ళు ఉంటాననే వచ్చాడు, ప్రతివాడూ మొదట అడిగింది రొట్టే. జెండాల రంగులు ఆయన మరిచిపోయాడు. ఎవరికి రొట్టె ఎర్రగా కాలాలో, ఎవరికి మెత్తగా ఉండాలో గుర్తుంది.

"మరి బూడిద తేవాలా, వద్దా?" అని అడిగాడు.

"తే. చూపించడానికి ఉండాలిగా." సర్గోను గడపలో ఆగాడు. "కష్టంగా ఉందా బాబాయ్?"

"ఉంది. వెళ్ళు, చల్లగాలి లోపలికొస్తోంది."

పొద్దెక్కే వేళకు రొట్టెలన్నీ బుట్టల్లోకి చేరాయి. పొయ్యి అడుగునుంచి బూడిద తీసి, నిప్పుకణికలు ఏరేసి, రేకుడబ్బాలకెత్తి చర్చికి మోశాడు. దారిలో ఆగుతూ, ఛాతీ రుద్దుకుంటూ. అలవాటు కొద్దీ గోనె కూడా తొడుక్కునే వచ్చాడు. శిబిరంలో పంచిన పిండి సంచి అది, తలకీ చేతులకీ కన్నాలు కోసుకున్నది. రొమ్ము మీద నీలం అక్షరాలు: అమ్మకానికి కాదు.

చర్చి వాకిలి నిండిపోయింది. గొర్రెలకూ మేకలకూ గోనెపీలికలు కట్టి తోలుకొచ్చారు. ఒక మేక అప్పటికే తన గోనె తాను తినేసి పక్కదాని గోనెకు వచ్చింది. అట్టతో చేసిన రెక్కల ఎద్దుల మధ్య బంగారు రంగు కుర్చీ. దాంట్లో సర్గోను, కిరీటంతో, ఉంగరాలు తిప్పిన దొంగగడ్డంతో. నిజం చెప్పాలంటే బాగానే ఉన్నాడు. ముందువరసలో ముసలి ష్మూనీ, ఊళ్ళో అందరికన్నా నోరున్న మనిషి, పేలపిండి గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఉంది. సన్నగా తుంపర పడుతోంది.

ఫాదరు గారు చదివారు. రాజు గద్దె దిగె అన్న చోటికి వచ్చి ఆగారు.

సర్గోను కదల్లేదు.

వినలేదేమో అని ఫాదరు గారు మళ్ళీ చదివారు. సర్గోను గడ్డం ఇంకాస్త పైకెత్తాడు. కెమెరావాడు దగ్గరికొచ్చాడు. గంట తాడు పట్టుకున్నవాడు నోరు తెరిచి చూస్తున్నాడు.

"ఒరే రాజా!" అంది ష్మూనీ. "బంక ఏమైనా అంటుకుందా కింద?"

"దిగను పెద్దమ్మా. అష్షూరు రాజు ఎవరి ముందూ దిగడు."

"ఎవరి ముందూ వద్దురా, నా ఆకలి ముందు దిగు!"

"మూడ్రోజుల్నుంచి మంచినీళ్ళు లేవు నాయనా! నీ రాజ్యం రొట్టె తిన్నాక చూద్దాం!" అని ఎవరో.

"నువ్వు టీ తాగావుగా నిన్న!" అని ఇంకెవరో.

"నీకెట్లా తెలుసు, నువ్వు పోశావా?"

వాకిలంతా ఒకటే రొద. గొర్రెలు అందుకున్నాయి. సర్గోను చెవులు ఎర్రబడ్డాయి, కానీ కుర్చీ చేతుల్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. ఇప్పుడు దిగితే తిట్టారని దిగినట్టవుతుంది. కుర్చీతో వచ్చే తంటా ఇదే, ఎక్కినవాడికి దిగే వీలు చిక్కదు. తుంపరకు కిరీటం రంగు కరిగి నుదుటి మీదుగా ముక్కుదాకా పసుపుచారలు దిగాయి.

చూరు కింద గోడవారగా పోసిన బూడిదకుప్ప పక్కన నిలబడ్డ ఖోషాబా ఇదంతా చూసి నవ్వుకున్నాడు. ఛాతీలో పిడికిలి బిగిసింది. ఎవరికీ ఏమీ చెప్పదలచుకోలేదు ఆయన. ఒక చెయ్యి వెనక ఆనించుకుని, మెల్లగా, ఏటా కూర్చున్నట్టే బూడిదలో కూర్చున్నాడు. "అమ్మయ్య" అన్నాడు.

గొర్రెలు తప్ప అందరూ అటు తిరిగారు.

"కూర్చున్నాడు!" అని కేక పెట్టింది ష్మూనీ. "గోనె ఉంది, బూడిద ఉంది, ఇంకేం కావాలి? కొట్టరా గంట!"

ఫాదరు గారు పుస్తకం వైపు చూశారు, ఖోషాబా వైపు చూశారు, తన కడుపు మాట కూడా విన్నట్టున్నారు. తలూపారు. గంట మోగింది. జనం బుట్టల మీద పడ్డారు. గొర్రెలు గడ్డి మీద పడ్డాయి, ఒకటి రెక్కల ఎద్దు చెవిని కూడా రుచి చూసింది. పేలపిండి నోట్లో ఉండగానే మాట్లాడబోయి దగ్గేవాళ్ళు, దగ్గేవాళ్ళ వీపు మీద చరిచేవాళ్ళు. కెమెరా అటు తిరిగిపోయింది. కుర్చీ వైపు చూసేవాళ్ళెవరూ లేరు.

చూసేవాళ్ళు లేకపోయాక సర్గోను దిగాడు. దొంగగడ్డం పీకి జేబులో పెట్టుకున్నాడు. సమోవారు కాగులోంచి టీ పోయించుకుని, బాబాయి ఇష్టం తెలిసి అడుగున చక్కెర బాగా వేయించి, గ్లాసు పట్టుకొచ్చాడు. నిలబడి ఇవ్వబోయి, ఒక్క క్షణం ఆలోచించి, పక్కనే బూడిదలో చతికిలబడ్డాడు.

"వెచ్చగా ఉందే!" అన్నాడు ఆశ్చర్యంగా.

"మరి? ఇన్నేళ్ళూ ఊరికే కూర్చున్నాననుకున్నావా?"

"చెప్పొచ్చుగా."

"చెబితే నువ్వు ముందే వచ్చి కూర్చుంటావు." ఖోషాబా వాడి ముక్కు మీది పసుపుచారను బొటనవేలితో తుడిచాడు, అక్కడ బూడిద అంటుకుంది. "ఇప్పుడు బాగున్నావు. రాజులానే ఉన్నావు."

గ్లాసును బూడిదలో గుచ్చి నిలబెట్టాడు, చల్లారాక తాగుదామని. వెనక్కి గోడకు ఆనుకుని ఊరి వైపు చూశాడు. అందరి నోళ్ళూ ఆడుతున్నాయి. ఎవరి రొట్టె కూడా మాడలేదు.

సర్గోను మాట్లాడుతూనే ఉన్నాడు. వచ్చే ఏడు కిరీటం రేకుతో చేయించాలని, అయినా చివర్లో దిగేస్తానని, దిగేముందు కాస్త ఎక్కువసేపు కూర్చోనిస్తారా అని. జవాబు రాలేదు. తిరిగి చూస్తే ఖోషాబా తల పక్కకు వాలి ఉంది, కనుబొమ లేని వైపు ముఖం వెలుతురుకు తిరిగి ఉంది. సర్గోనును తిట్టడానికని రొట్టె ముక్కతో వచ్చిన ష్మూనీ వంగి చూసింది. రొట్టెను కొంగులో పెట్టుకుని, అరచేత్తో ఆయన కళ్ళు మూసింది.

"లేపకురా" అంది మెల్లగా. "ఇన్నాళ్ళకి తీరిగ్గా కూర్చున్నాడు."

మోసుకెళ్ళడానికి ఎవరో బంగారు రంగు కుర్చీ తెచ్చారు. సర్గోను దాన్ని పక్కకు తోసేసి, పరుగెత్తి వెళ్ళి రొట్టెలు ఆరబెట్టే పొడుగుబల్ల తెచ్చాడు. నలుగురూ ఎత్తారు. వాకిలంతా వెనకాలే నడిచింది, ఏడుస్తూ, ఆయన మీద జోకులు చెప్పుకుంటూ, ఇంకా నములుతూ. తుంపర ఆగింది. బూడిదలో టీ గ్లాసు నిటారుగా నిలబడి ఉంది, అడుగున చక్కెర ఇంకా కరగలేదు.