వన్స్‌మోర్‌కి వచ్చిన చిలకలు

పొద్దున్నే పొయ్యి మీద ఇడ్లీ పాత్ర పెట్టి, అవి ఉడికేలోపు ఫోన్‌లో ఒక పద్యం పాడి మొగుడికి పంపడం రత్నకుమారికి అలవాటు. మొగుడు ఏ దూరదేశంలోనో లేడు. వసారాలోనే హార్మోనియం తుడుచుకుంటూ ఉంటాడు. ఎదురుగా నిలబడి పాడితే రామ్‌ప్రసాద్ ఫోన్‌లోంచి తలెత్తడు. ఫోన్‌లోకి పాడితే తప్పకుండా వింటాడు, విని రాగం కట్టి తిరిగి పంపుతాడు. బందరులో వాళ్ల కాపురం అలా సాగిపోతోంది.

ఈసారి గుడివాడ నాటక పోటీలవాళ్లు ఒక మెలిక పెట్టారు. పాత పద్యనాటకమే ఆడాలి, కానీ పద్యాల్లో ఈ కాలపు ఫోన్ల గొడవ రావాలట. కుర్రకారు అలాగైనా కుర్చీల్లో కుదురుగా కూర్చుంటారని వాళ్ల ఆశ. బాగా రాసినవాళ్లకి వచ్చే ఏడాది దివిసీమలో ఆడే నాటకాలన్నీ రాసే పని అప్పగిస్తారు. రత్నకుమారి ఏళ్ల తరబడి రాణి వేషం కడుతోంది గానీ, కరపత్రం మీద ‘రచన’ అన్న మాట పక్కన తన పేరు ఎప్పుడూ చూసుకోలేదు. చూసుకోవాలని ఉందని మొగుడికొక్కడికే చెప్పింది.

పాత నాటకంలో రాణి పావురంతో కబురంపి రాజు కోసం ఎదురుచూస్తుంది. రత్నకుమారి పావురాన్ని పక్కనపెట్టి, రాణి చేతికి ఫోనిచ్చింది.

నీలి టిక్కు పడియె నిద్రపోలేదని
తెలిసెఁ గాని బదులు తెలియదాయె
వ్రాయుచుండెననుచు వచ్చిన చుక్కలు
ఆరిపోయె దీప మారినట్లు

ఇది రాయడానికి ఆవిడ పెద్దగా ఊహించాల్సిన పనేమీ లేకపోయింది.

వాళ్ల నాటక సమాజానికి పెడనలో అద్దించిన కలంకారీ తెర ఒకటుంది. దాని నిండా కొమ్మలు, కొమ్మల నిండా చిలకలు. కొత్త పద్యం సభలో పాడినప్పుడు ఆ చిలకలు బట్టలోంచి లేచి, రాసినవాళ్ల భుజం మీద వాలతాయి. ఆట ముగిసేలోపు మళ్లీ తెరలోకి వెళ్లిపోతాయి. అదో విడ్డూరమని ఎవరూ అనుకోరు. తెర కట్టేవాళ్లు జామకాయ ముక్కలు కోసి ఉంచుతారు, రాసినవాళ్లు ఉతికితే వదిలే బట్టలు వేసుకొస్తారు, అంతే.

గుడివాడ బయల్దేరే రోజున రామ్‌ప్రసాద్ అన్నాడు, “ఆ తెర మోత బరువు రత్నా. అక్కడ ఫ్లెక్సీ కట్టిస్తామన్నారు కాంతారావుగారు. చిలకలకి కూడా ఒకరోజు సెలవిద్దాం.”

కాంతారావు సమాజానికి పెద్ద, రాజు వేషం ఆయనదే. రత్నకుమారి నవ్వి, తెర మడతపెట్టి, కలరా ఉండలు వేసి, తన చేత్తోనే పెట్టె మూసింది. తలచుకుంటే ఇప్పటికీ ఆ చేతుల్ని చూసుకోవాలనిపించదు ఆవిడకి.

సాయంత్రం కిరీటం పెట్టుకుని పక్కతెర వెనక నిలబడి ఉండగా మైకులో చెప్పారు, “ఈ నాటకానికి కొత్త పద్యాలు రచించినవారు కాంతారావుగారు.”

పొరపాటున చదివారనుకుంది. వేదిక వారగా హార్మోనియం ముందు కూర్చున్న మొగుడి వైపు చూసింది. ఆయన హార్మోనియం మెట్ల మీదినుంచి చూపు ఎత్తలేదు. పెట్టె ఎందుకు మూయించాడో అప్పుడర్థమైంది.

“మీరే ఇచ్చారా?” అంది గొంతు తగ్గించి.

“ఆయన పేరుంటేనే మార్కులు పడతాయి. ఇకనుంచి ప్రతి ఆటకీ హార్మోనియం నాదేనన్నాడు. డబ్బు ఎటూ మనింటికేగా వచ్చేది? నువ్వు ముందు పాడు.”

కాంతారావే దొంగిలించి ఉంటే ఆవిడకి ఇంత కష్టమనిపించేది కాదు. ఇడ్లీ పాత్ర పక్కన నిలబడి, ఈయన ఒక్కడి కోసం పాడిన పద్యమది. ఎవరో పంపిన జోకుని ఇంకొకరికి తోసేసినట్టు వేలితో తోసేశాడు.

వేషం వేశాక పాడక తప్పదు. పాడింది. నీలి టిక్కు దగ్గర జనం నవ్వారు, దీపం దగ్గర నవ్వు ఆగిపోయింది. వెనకాల ఫ్లెక్సీ మీది రాజమహల్ మెరుస్తూ ఉంది గానీ ఒక్క రెక్క కూడా ఆడలేదు. చివరికి చిలకలకీ కానిదాన్నయ్యాను అనుకుంది.

ఇంతలో జనంలోంచి ఎవరో “వన్స్‌మోర్” అన్నారు. ఆ మాట వినబడ్డాక పద్యం మళ్లీ పాడాల్సిందే, అది నాటకం మర్యాద. రెండోసారి ఎత్తుకుంది. దీపం దగ్గరికి వచ్చింది.

అప్పుడొచ్చాయి చిలకలు. బందరులో పెట్టె మూత తోసుకుని, పెడన మీదుగా, వరిచేల మీదుగా ఎగిరి రావడానికి ఒక పద్యమంత సేపు పట్టింది మరి. హాలంతా కలరా ఉండల వాసన. కాంతారావు కండువా సర్దుకుని భుజం చూపించాడు. చిలకలు ఆయన్ని దాటుకుని వచ్చి రాణి భుజాల మీద, చేతుల మీద, కిరీటం మీద వాలాయి.

మైకులో గొంతు సవరించుకున్నారు. “చిన్న సవరణ. రచన రత్నకుమారిగారు.” ఆట ముందుకు సాగింది.

తిరుగు బస్సులో రామ్‌ప్రసాద్ అన్నాడు, “చివరికి నీ పేరే వచ్చిందిగా.”

 దివిసీమ నాటకాలు ఆవిడకే వచ్చాయి. అక్కడ అవనిగడ్డలో గది తీసుకుని ఒక్కతే వెళ్లింది. బందరులో తెర విప్పి చూస్తే ఒక కొమ్మ ఖాళీగా ఉందట.

అవనిగడ్డలో మొదటి పొద్దున ఇడ్లీ పాత్ర పెట్టింది. కొత్త పద్యం ఒకటి నోటికొచ్చింది. అలవాటు ఎక్కడికి పోతుంది, ఫోన్ తీసింది, బొటనవేలు ఆయన పేరు మీదికే వెళ్లింది. తెరలోకి తిరిగి వెళ్లకుండా తనతో వచ్చేసిన చిలక గోడ గూట్లోంచి ఎగిరొచ్చి ఆ వేలిని పొడిచింది. రక్తం వచ్చేలా కాదు, గుర్తొచ్చేలా.

రత్నకుమారి ఫోన్ బోర్లా పెట్టేసింది. కళ్లు తుడుచుకుని, రాగం తనే వెతుక్కుంటూ, ఇడ్లీలు ఉడికేదాకా పాడుతూనే ఉంది. ఆ పద్యం ఎవరికీ పంపలేదు.