నూట యాభై గ్రాములు

నేను ఒక కాటాను. ఉల్లిపాయల బండి మీద వేలాడే రకం కాదు, బంగారం కొట్లో గాజుపెట్టెలో కూర్చునే రకమూ కాదు. మనుషులు ఎక్కి నిలబడితే వాళ్ళ బరువు చెప్పే కాటాను. కింద ఒక స్టీలు పలక, ముందు ఒక స్తంభం, దాని తల మీద ఎర్ర అంకెలు. నా శరీరమంతా అంతే. యాభై గ్రాముల తేడా వరకూ పట్టుకోగలను. అంతకంటే చిన్న విషయాలు నన్ను అడగవద్దు, వాటిలో నేను కలగజేసుకోను.

పుట్టింది హైదరాబాదు సనత్‌నగర్‌లో, ఒక రేకుల షెడ్డులో. నా పలక కింద చిన్న అల్యూమినియం కడ్డీ బిగించారు. బరువు పడితే అది వెంట్రుకవాసి వంగుతుంది. ఆ వంపే అంకెగా మారి పైకి వస్తుంది. అంటే నేను ఆలోచించి చెప్పేదేమీ లేదని మీరు గమనించాలి. ఎవరైనా ఎక్కితే వంగుతాను, వంగితే అంకె బయటపడుతుంది, మధ్యలో నా చేతిలో ఏమీ లేదు. తూనికలు కొలతల వాళ్ళ తరఫున ఒకాయన వచ్చి, నా మీద ఇనుపరాళ్ళు పెట్టి తీసి, పెట్టి తీసి, చివరికి సీసం ముద్ర వేసి, "ఇది అబద్ధం చెప్పదు" అని సంతకం చేసి వెళ్ళాడు. ఆ రోజు తెగ పొంగిపోయాను. అంత సంతోషించాల్సిన మాట కాదని తెలియడానికి ఎనిమిది నెలలు పట్టింది.

ఆ ఏడు హైదరాబాదులో అంతర్జాతీయ క్రీడలు జరిగాయి. పరుగులు, ఈతలు, కుస్తీలు, గురి పోటీలు, అన్నీ కలిపి పదమూడు రోజులు. నన్ను జూడో హాలు పక్కన ఆడవాళ్ళ తూకం గదిలో పెట్టారు. జూడోలో బరువును బట్టి విభాగాలు ఉంటాయి. యాభై రెండు కిలోల విభాగంలో ఆడాలంటే యాభై రెండు దాటకూడదు. అసలు తూకానికి ఒక్కసారే ఎక్కాలి. దిగి మళ్ళీ ఎక్కుతానంటే కుదరదని గోడ మీద నాలుగు భాషల్లో రాసి అంటించారు. అంతకుముందు ఎన్నిసార్లయినా చూసుకోవడానికి పక్క గదిలో ఇంకో కాటా ఉంది. దాని మీద అందరూ ఇష్టం వచ్చినట్టు ఎక్కి దిగుతారు. నా దగ్గరికి వచ్చేసరికి మాత్రం ముఖాలు మారిపోతాయి. కొందరు దండం పెట్టుకుంటారు, కొందరు ఊపిరి బిగబడతారు. ఊపిరి బిగబడితే బరువు తగ్గుతుందని మనుషులకు ఎవరు చెప్పారో గానీ, అన్ని దేశాల వాళ్ళకూ చెప్పినట్టున్నారు.

ఆ గదిలో నాతో ఇద్దరు ఉండేవారు. ఒకరు సుభాషిణి మేడమ్. బాపట్లలో డ్రిల్లు టీచరు, ఒకప్పుడు తనూ జూడో ఆడింది, తూకాలు రాసే పని ఆమెది. రెండో మనిషి బాలమణి. నల్లగొండ జిల్లా నుంచి వచ్చి స్టేడియంలో ఊడ్చి తుడిచే పనిలో చేరింది. నలభై దాటి ఉంటాయి. ఎవరైనా ఎండన పడి వస్తే చాలు, ముందు ఏదో ఒకటి తాగించనిదే ఆమెకు కాళ్ళూ చేతులూ ఆడవు. క్రీడల వాళ్ళు ఇచ్చే సీసా నీళ్ళ మీద నమ్మకం లేక, ఇంటి నుంచి స్టీలు క్యాను నిండా మజ్జిగ తెచ్చి వరండా నీడలో పెట్టుకునేది.

ఆరో రోజు పొద్దున మారికా వచ్చింది. ఐరోపాలో ఒక మూల ఉన్న దేశం. పేరు నేను చెప్పను, పటంలో ఆ పేరు పట్టక సముద్రంలో రాసి ఉంటుందట.

"వాళ్ళ జనమంతా వచ్చి మన పెద్ద స్టేడియంలో కూర్చున్నా సగం కుర్చీలు ఖాళీగానే ఉంటాయి బాలమణీ" అంది సుభాషిణి.

"అంటే మా మండలమంత గుడ లేదన్నట్టేనా!" అని బాలమణి నోరు తెరిచింది.

ఆ దేశం నుంచి ఆటగాళ్ళు ఆరుగురు వచ్చారు. నలభై ఏళ్ళుగా ఈ క్రీడలకు వస్తున్నారు, ఒక్క పతకం లేదు. అప్పటికే ఈతగాడు తన వరుసలో అందరికన్నా చివర గట్టు అందుకున్నాడు. గురి చూసేవాడు యాభై నాలుగో స్థానంలో నిలిచాడు. టేబుల్ టెన్నిస్ ఆడే అక్కచెల్లెళ్ళు మొదటి రోజే ఓడి, చార్మినారు చూసి గాజులు వేయించుకుని వచ్చారు. పరుగు పిల్లకు కాలు బెణికింది. మిగిలింది మారికా ఒక్కతే. కిందటేడు ఇంకో పోటీలో ఈ విభాగంలో పేరున్న ఆమెనే పడేసిందట. అందుకే ఆ రోజు వాళ్ళ దేశంలో బడులకు సెలవిచ్చి పిల్లలను టీవీల ముందు కూర్చోబెట్టారట. ఆమెకు ఆట నేర్పిన ముసలాయన రొట్టెలు కాల్చే మనిషి. రొట్టెల పొయ్యి వెనక గదిలో చాపలు పరిచి నేర్పాడట. ఆడవాళ్ళ గది కాబట్టి ఆయన్ను లోపలికి రానివ్వరు. మెట్ల దగ్గర నిలబడి టోపీ నలుపుకుంటున్నాడు.

మారికా పక్క గదిలో చూసుకుని, ఆ అంకెను పెన్నుతో అరచేతిలో రాసుకుని వచ్చింది. యాభై ఒకటి పాయింట్ తొమ్మిది ఐదు. ఒకటిన్నర రోజుగా చుక్క నీళ్ళు తాగలేదు. పెదవులు తెల్లగా పగిలిపోయాయి. ఇంకా పదకొండు మంది ముందు ఉన్నారు. వరండాలో నాకు ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చుంది. అంతలో హాల్లో మైకు వాళ్ళు ఎందుకైనా మంచిదని అన్ని దేశాల గీతాలూ పెట్టి చూసుకుంటున్నారు. ఒక పాట మొదలుకాగానే మారికా లేచి నిటారుగా నిలబడింది. అరనిమిషం మోగి ఆగిపోయింది. తర్వాత ఇంకెవరిదో పాట వచ్చింది, ఆమె కూర్చుంది.

బాలమణి ఆ పెదవులు చూసింది. ఇంకేముంది, గ్లాసు నిండా మజ్జిగ వంచి పట్టుకొచ్చింది.

"తాగు బిడ్డా, నీళ్ళసల్లనే. సల్లగుంటది."

మారికా గుండె మీద చెయ్యి పెట్టుకుని, నవ్వి, వద్దంది. వాళ్ళ దేశాల సంగతి నాకు తెలియదు గానీ, మన దగ్గర మొదటిసారి వద్దంటే ఇంకోసారి అడగమని అర్థం. బాలమణి ఇంకోసారి అడిగింది. మారికా తల అడ్డంగా ఊపింది. రెండోసారి వద్దంటే మొగమాటం. మూడోసారి అడక్కపోతే పెట్టే మనిషికే తప్పు.

"ఏం గాదు, నా బిడ్డలెక్క ఉన్నవ్. తాగు" అని బాలమణి ఆమె పక్కన కూర్చుని, వీపు నిమిరి, గ్లాసు పెదవుల దగ్గర పెట్టింది.

సుభాషిణి జాబితా రాసుకుంటూ వాకిలికి వీపు పెట్టి కూర్చుంది. చూసింది నేనొక్కదాన్నే. అరవడానికి నాకు నోరు లేదు. అంకెలున్నాయి, ఎవరూ ఎక్కకుండా అవి కదలవు. సున్నా, సున్నా, సున్నా అని ఎర్రగా చూస్తూ ఉండిపోయాను. మారికా నోరు తడుపుకుందామనే అనుకున్నట్టుంది. ఒక గుక్క తాగి ఆగింది. కానీ ఒకటిన్నర రోజు ఎండిన గొంతు ఒక గుక్కతో ఊరుకోదు. కళ్ళు మూసుకుని గ్లాసు ఖాళీ చేసేసింది. కళ్ళు తెరిచాక ఖాళీ గ్లాసు వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తే.

పిలుపు వచ్చింది. లోపలి బట్టలతో వచ్చి నా మీద నిలబడింది. వంగాను, ఇంకేం చేయగలను? యాభై రెండు పాయింట్ ఒకటి ఐదు.

"అయ్యో తల్లీ" అంది సుభాషిణి. మారికా అరచెయ్యి చాపి రాసుకున్న అంకె చూపించింది. సుభాషిణి ఆ చెయ్యి పట్టుకుని గోడ మీద కాగితం వైపు చూసింది. ఆమెకూ చేసేదేమీ లేదు. పేరు ఎదురుగా గీత కొట్టింది.

చీపురు పక్కన పడేసి బాలమణి లోపలికి వచ్చింది. "ఏమైంది మేడమ్?"

"నూట యాభై గ్రాములు ఎక్కువొచ్చింది. ఇక ఆడనివ్వరు."

"నూట యాభై గ్రాములకా! రెండు ఉల్లిగడ్డలంత గుడ లేదు గదా! గింత దానికి ఆడనియ్యరా?" అని బాలమణి ఏడ్చేసింది.

మారికా ఆమె వైపు చూసింది. చెప్పాలనుకుంటే గ్లాసు చూపిస్తే చాలు, భాష అక్కర్లేదు. చూపించలేదు. బట్టలు వేసుకుని, కోటుకున్న తన దేశపు జెండా బిళ్ళ తీసి బాలమణి కొంగుకు గుచ్చి, బయటికి నడిచింది. మెట్ల దగ్గర ఆ ముసలాయన ఏమైందని అడిగాడు. ఆమె రెండు మాటలు చెప్పింది. ఆయన టోపీ తలకు పెట్టుకున్నాడు. చివరి రోజు పత్రికలో ఒక్క పతకమూ రాని దేశాల పేర్లు చిన్న అక్షరాల్లో వేశారు. వీళ్ళ పేరు అచ్చుతప్పుతో వచ్చింది.

క్రీడలయ్యాక రెండేళ్ళు నేను గోదాములో కుర్చీల కింద పడి ఉన్నాను. తర్వాత అదే ఆవరణలో ఆడపిల్లల క్రీడా హాస్టలు పెట్టి, నన్ను వంటగది వరండాలోకి లాగారు. పొద్దున పిల్లలను, మధ్యాహ్నం బియ్యం బస్తాలను తూచేదాన్ని. ఆ రెంటిలో బస్తాలే నయం, ఊపిరి బిగబట్టవు. వంటగదిలో పనికి బాలమణినే వేశారు. కొంగుకు ఆ జెండా బిళ్ళ అలాగే ఉంది.

కొత్తగా ఎవరొచ్చినా బాలమణి ఆ కథ చెప్పేది. "బయటి దేశం పిల్ల. పాపం, నోరెండి కూసుంది. గంత మంది తిరుగుతుండిరి, ఒక్కలన్న అడిగిండ్రా? నేనే నా శేతులతోని సల్ల తాగిపిచ్చిన. గిదిగో, గుర్తుకని బిళ్ళ ఇచ్చింది." అదే ఊపిరిలో రెండో సగం కూడా చెప్పేది. "నూట యాభై గ్రాములకు ఎల్లగొట్టిండ్రు. గీ దిక్కుమాలిన కాంటనే ఆ పిల్ల నోట్ల మన్ను గొట్టింది." అని చీపురుతో నా స్తంభం మీద ఒకటి వేసేది. రెండు సగాలూ పక్కపక్కనే ఉండేవి, ఆమె ఎన్నడూ కలపలేదు. నేను దెబ్బలు పడ్డాను. తిట్లకు బరువు లేదు, నా అంకె కదిలేది కాదు. నిజం చెప్పాలంటే ఆ తిట్లు నాకు హాయిగానే ఉండేవి. ఆమె నన్ను తిడుతున్నంత కాలం ఆమెకు తెలియదన్నమాట. ఏడేళ్ళు అలా గడిచాయి.

ఎనిమిదో ఏట హాస్టల్లో రోజా అనే పిల్ల ఉండేది. దేవరకొండ వైపు తండా నుంచి వచ్చింది, జూడో ఆడుతుంది. పోటీకి ముందు రోజు పెదవులు ఎండగట్టుకుని వరండాలో కూర్చుంది. బాలమణి గ్లాసు పట్టుకుని వచ్చింది. రోజా ఉలిక్కిపడి లేచింది.

"వొద్దు బాలమ్మా! గిలాసెడు తాగితే రెండొందల గ్రాములు పెరుగుత. తూకంల పోత!"

బాలమణి నవ్వింది. "సల్ల తాగంగనే బరువైతరానే? ఒంటికి పడితెనే గద బరువు. గది అరగాలె, రగతం గావాలె."

"ఒంటికి పట్టేదాక కాంట ఆగుతదా? కడుపుల ఉన్నా శేతుల ఉన్నా దానికి ఒకటే బరువు" అని రోజా నవ్వి లోపలికి వెళ్ళిపోయింది.

బాలమణి నవ్వు కాసేపు అలాగే ఉండి ఆరిపోయింది. గ్లాసు చేతిలోనే ఉంది. భోజనాలయ్యాక, పిల్లలంతా మైదానానికి వెళ్ళాక, నా దగ్గరికి వచ్చింది. మజ్జిగ చెంబులో పోసి, ఖాళీ గ్లాసు నా పలక మధ్య పెట్టింది. ఏడేళ్ళుగా చూస్తోంది కదా, సున్నా బొత్తాం నొక్కడం తెలుసు. నొక్కింది. తర్వాత మెల్లగా గ్లాసులో మజ్జిగ పోయడం మొదలుపెట్టింది.

నా మీద సీసం ముద్ర వేసినాయన అక్కడుంటే కాళ్ళు పట్టుకుని ఉండేదాన్ని. ఈ ఒక్కసారి అబద్ధం చెప్పనివ్వమని అడిగేదాన్ని. కరెంటు పోతే బాగుండుననుకున్నాను, రోజూ పోయే కరెంటు ఆ మధ్యాహ్నం పోలేదు. సున్నా ఐదు. పది. పదిహేను. గ్లాసు నిండింది. సున్నా పాయింట్ రెండు సున్నా.

ఆమె చాలాసేపు ఆ అంకె చూసింది. వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంది. రెండొందలల్లో నూట యాభై తీసేస్తే ఎంతో చూసుకుంటోందేమో. యాభై మిగిలింది. ఆ యాభై, ఆ రోజు ఆ పిల్ల అరచేతిలో రాసుకున్న అంకెకూ యాభై రెండుకూ మధ్య మిగిలి ఉన్న యాభై. ఆమె నేల మీద చతికిలబడింది.

"తెలిసి గుడ నన్నేమనలే. గందుకేనా బిళ్ళిచ్చింది" అంది. నా స్తంభం పట్టుకుని, "నువ్వు నిజమే జెప్పినవ్. నేనే..." అని ఆగిపోయింది.

కొంగు నుంచి ఆ బిళ్ళ తీసింది. గ్లాసు తీసేసి, మళ్ళీ సున్నా చేసి, దాన్ని నా పలక మీద పెట్టి అంకెల వైపు చూసింది. ఏం అడిగిందో నాకు తెలుసు. కానీ అది యాభై గ్రాములకు లోపలి సంగతి. సున్నా దగ్గరే ఉండిపోయాను.

తర్వాత హాస్టలుకు కొత్త కాటా వచ్చింది. నన్ను పాత సైకిళ్ళ పక్కన గోడకు ఆనించారు. సీసం ముద్ర తుప్పులో కలిసిపోయింది. బాలమణి రోజూ అటువైపు ఊడుస్తుంది. వాడని వస్తువని వదిలేయదు. తడిగుడ్డతో నా పలక తుడుస్తుంది, సున్నితంగా తుడుస్తుంది. ఆ కథ మళ్ళీ ఎవరికీ చెప్పలేదు. కొంగుకు బిళ్ళ లేదు. పిల్లలకు మజ్జిగ ఇవ్వబోయే ముందు ఒక్కసారే అడుగుతుంది, వద్దంటే గ్లాసు వెనక్కి తీసుకుంటుంది. నన్ను తిట్టదు. నా స్తంభం మీద చీపురు దెబ్బ ఒక్కటి వేస్తుందేమోనని ప్రతి పొద్దునా ఎదురుచూస్తాను.